రాజుగారు కట్టిన ముడి

అనగనగా ఒక సముద్రం. ఆ సముద్రం ఒడ్డున ఒక రాజ్యం. సముద్రాన్ని ముందు ఎందుకు చెప్పానంటే, రాజ్యం కంటే అదే ముందు పుట్టింది. రాజ్యం పోయినా అది ఉంటుంది.

ఆ రాజ్యం పేరు గవ్వలపట్నం. రాజు పేరు మకరభూపాలుడు. మంచివాడే. ఎవర్నీ కొట్టడు, తిట్టడు. కాకపోతే ఒంట్లో బలం ఎక్కువ. ఆ బలం నలుగురికీ కనపడాలన్న ఆశ ఇంకా ఎక్కువ. ఆయన తలుపు మూస్తే గడియ ఊడి చేతికొచ్చేది.

గవ్వలపట్నంలో ఒక ఆచారం ఉంది. కొత్త పడవకి తెరచాప కొయ్య నిలబెట్టినప్పుడు దానికి నాలుగు మోకులు కడతారు. కుడి పక్కకి ఒకటి, ఎడమ పక్కకి ఒకటి, పడవ ముక్కుకి ఒకటి, వెనక్కి ఒకటి. గాలొచ్చి తోసినా కొయ్య పడిపోకుండా పట్టుకునేవి ఆ నాలుగే. అందులో కుడి మోకు మాత్రం ఊరిపెద్ద కట్టాలి. పసుపు రాసి, కొబ్బరికాయ కొట్టి మరీ కడతాడు. ఆ ముడి ఇంకెవరూ విప్పకూడదు. విప్పితే ఆ పడవ మీద సముద్రానికి కోపం వస్తుందని వాళ్ళ నమ్మకం.

ఊరిపెద్ద బాగా ముసలాయన. చేతుల్లో పట్టు లేదు. ఏదో కట్టాననిపించి, ప్రసాదం తిని ఇంటికి పోయేవాడు. పడవలు బాగానే తిరిగేవి.

ఈసారి పడవ రాజుగారిది. కుడి మోకు తనే కడతానన్నాడు.

దాన్ని చేసింది దాలయ్య. అరవై ఏళ్ళవాడు. బాడిస పట్టుకుని దీంతో కలిపి నలభై రెండు పడవలు చెక్కాడు. ఆ బాడిస పిడి అతని అరచేతిలాగే అరిగిపోయి ఉంటుంది. వేరే ఎవరు పట్టుకున్నా చేతిలో నిలవదు. రాజుగారి పడవ చిన్నది, నలుగురు పడతారు. అయినా ఏడాది పట్టింది. పేరు వెండిచేప.

మోకులు పేనింది పైడమ్మ. ఆవిడ దాలయ్యకి మరదలు, తమ్ముడి పెళ్ళాం. ఆ తమ్ముడు లేడు, సముద్రం మీద పోయాడు. మొగుడు పోయిన నెల లోపే పైడమ్మ మళ్ళీ జనపనార ముందేసుకుని కూర్చుంది. ఊళ్ళో పడవలకి మోకులు కావాలి కదా మరి.

ముడి వేసే రోజు వచ్చింది. ఒడ్డు నిండా జనం. మకరభూపాలుడు ఉత్తరీయం తీసి మంత్రికిచ్చి, కుడి మోకు పట్టుకున్నాడు. లాగాడు. జనం చప్పట్లు కొట్టారు. చప్పట్లు విని ఇంకా లాగాడు. కొయ్య కిర్రుమంది. దాలయ్య నోరు తెరిచాడు. "చాలు మారాజా" అన్న మాట గొంతు దాకా వచ్చింది. వచ్చినదారినే వెనక్కి పోయింది. రాజు ఇంకో గుంజు గుంజి, ఒకదాని మీద ఒకటి ఏడు ముడులేశాడు.

ఒడ్డుకి ఎదురుగా, అరకోసు దూరంలో, నీళ్ళలో ఒక నల్ల బండ ఉంది. తాబేలు రాయి అంటారు. కొత్త పడవ దాన్ని చుట్టి రావాలి.

రాజుని, దాలయ్యని ఎక్కించుకుని వెండిచేప నీళ్ళలోకి దిగింది. తెరచాప నిండింది. పడవ కుడి పక్కకి ఒరిగింది. ఒరిగి, ఎడమకి తిరిగింది; పడవ ఒక పక్కకి ఒరిగితే రెండో పక్కకే తిరుగుతుంది. దాలయ్య చుక్కాని ఎంత నొక్కినా అది తిరుగుతూనే పోయింది. గుండ్రంగా తిరిగి తిరిగి, మళ్ళీ ఒడ్డుకే వచ్చి, ఎండబెట్టిన రొయ్యపొట్టు కుప్పలోకి దూసుకుపోయింది. రాజుగారి తలపాగా ఆ కుప్పలో పడింది.

పిల్లలు పకపకా నవ్వారు. పెద్దవాళ్ళు కొంగులు, కండువాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

రాజు తలపాగా దులుపుకుని, "దాలయ్యా, నీ పడవకి బుద్ధి లేదు," అన్నాడు. "దీన్ని తిన్నగా నడిపేవాళ్ళెవరైనా ఉంటే రండి. మూడుసార్లు చూస్తాను. మూడోసారీ ఇలాగే అయితే పడవని ఈ ఇసకలోనే తగలబెట్టిస్తాను. నీ బాడిసని సముద్రంలో పారేయిస్తాను. ఆ తర్వాత నువ్వు పడవ పని ముట్టుకోకూడదు."

దాలయ్య బాడిసని చంకలో పెట్టుకున్నాడు.

ముందుగా ఆస్థాన పురోహితుడు వచ్చాడు. పడవ ముక్కుకి అటూ ఇటూ గీసిన కళ్ళు చూశాడు. గవ్వలపట్నంలో ప్రతి పడవకీ కళ్ళుంటాయి, లేకపోతే దారి కనపడదంటారు.

"ఇదిగో, ఇక్కడుంది దోషం," అన్నాడు. "ఎడమ కన్ను పెద్దదైపోయింది. అందుకే ఎడమకి చూస్తోంది, ఎడమకి పోతోంది."

ఎడమ కన్ను చెరిపి చిన్నగా గీయించాడు. కుడి కంటికి కాటుక పెట్టించాడు. ముహూర్తం చూసి పడవ ఎక్కాడు. పడవ చక్కగా కుడి కన్ను ఇంతేసి చేసుకుని ఎడమకే పోయింది. పురోహితుణ్ణి రొయ్యపొట్టులోంచి ఇద్దరు లేవదీయాల్సి వచ్చింది.

"ఒకటి," అన్నాడు రాజు.

రెండోసారి సరంగు కాసులు వచ్చాడు. పెద్ద ఓడల మీద పనిచేసినవాడు. "కుడికి ఒరుగుతోందిగా? ఎడమ పక్క బరువెయ్యండి," అన్నాడు. ఇసక బస్తాలు ఎనిమిది వేయించాడు. పడవ ఒరగడం మానేసింది, నిజమే. నీళ్ళలో గేదెలా కూర్చుంది. నెమ్మదిగా కదిలింది. ఒక కెరటం వచ్చి లేపేసరికి బస్తాలన్నీ దొర్లి కుడి పక్కకి చేరాయి. కాసులు కూడా వాటితో పాటే దొర్లాడు. నీళ్ళు తాగి, పడవ అంచు పట్టుకుని ఒడ్డుకి కొట్టుకొచ్చాడు.

"రెండు," అన్నాడు రాజు.

మూడోసారి కోట కాపలా మల్లుడు భీమన్న వచ్చాడు. తొడ చరిచాడు.

"రాజుగారి మోకు సింహంలా లాగుతోంది. ఎడమ మోకు పిల్లిలా ఉంది. దాన్నీ సింహాన్ని చేస్తే సరి!"

మాట మంచిదే. మిట్టమధ్యాహ్నం ఎండలో ఎడమ మోకు మధ్య కర్ర దూర్చి మెలితిప్పాడు. మెలితిప్పీ మెలితిప్పీ రాజుగారి మోకుకి సమానం చేశాడు. కొయ్య తాటిచెట్టులా నిటారుగా లేచింది. పడవ తిన్నగా పోయింది! జనం ఈలలు వేశారు. దాలయ్య ముఖంలోకి రక్తం వచ్చింది.

పైడమ్మ మాత్రం మోకులనే చూస్తోంది. "ఇంకాసేపట్లో ఏదో ఒకటి విరుగుతుంది," అంది.

సగం దూరం పోయాక కెరటాలు ఎగిరి మోకుల మీద పడ్డాయి. జనపనార తడిస్తే ముడుచుకుంటుంది. అసలే బిగుసుకుపోయున్న మోకులు ఇంకా బిగిశాయి. రెండు సింహాలూ కలిసి కొయ్యని కిందికి నొక్కాయి. కొయ్య మొదలు పడవ అడుగున నొక్కింది. ఠప్పున పలక పగిలింది. భీమన్న భయపడి ఎడమ మోకులో కర్ర లాగేసి, నీళ్ళు తోడుకుంటూ వెనక్కి వచ్చాడు.

"మూడు," అన్నాడు రాజు. "ఎల్లుండి పొద్దున మంట."

ఆ సాయంత్రం పైడమ్మ దాలయ్య పాకకి వచ్చింది. దాలయ్య బాడిసని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"పలక అతికించావా బావా?"

"తగలబెట్టే పడవకి అతుకెందుకే?"

"మంట పెట్టేదాకా అది పడవే. లే."

"పైడీ, నన్నొదిలెయ్యవే."

"వదిలేస్తాను. ఒక్క మాట చెప్పు. ఆ ముగ్గురూ కన్ను గీశారు, బస్తాలేశారు, ఎడమ మోకు మెలితిప్పారు. కుడి మోకు ఎవరైనా ముట్టుకున్నారా?"

దాలయ్య పొయ్యి వైపు చూశాడు. "అది రాజుగారు కట్టింది."

"తప్పు అక్కడుందని నీకు తెలుసా, తెలీదా?"

"తెలీకేం! ఆయన లాగినప్పుడే తెలుసు. మెడ మీద తలుండాలి కదే!"

"తలుంచుకుని ఏం చేస్తావు? టోపీ పెట్టుకుంటావా? ఎల్లుండి ఆ బాడిస నీళ్ళలో పడ్డాక నీ చేతులు ఎందుకు? అన్నం కలుపుకోడానికా?"

దాలయ్య లేచి, బాడిస తీసుకుని, పలక అతికించడానికి పోయాడు.

మూడో రోజు పొద్దున్నే ఒడ్డున ఎండుమట్టలు పేర్చారు. రాజు వచ్చాడు. మంత్రి వచ్చాడు. ఊరంతా వచ్చింది. కాగడా వెలిగించేలోపు పైడమ్మ చీరకొంగు నడుముకి బిగించి పడవ ముందు నిలబడింది.

"మారాజా, ఆ మోకులు పేనింది నేను. కాల్చే ముందు ఒకసారి వాటిని మీటి చూడండి."

"మోకుని మీటడమేంటి? వీణా అది?" అన్నాడు మంత్రి.

"వీణ సంగతి నాకు తెలీదు బాబయ్యా. మోకు సంగతి తెలుసు."

రాజుకి నవ్వొచ్చింది. పడవ ఎక్కి, కుడి మోకుని వేలితో మీటాడు. అది 'కీఁ' అని అరిచింది. ఎడమ మోకుని మీటాడు. అది 'బుర్ర్' అని గురక పెట్టింది.

"ఒకటి అరుస్తోంది, ఒకటి నిద్రపోతోంది," అంది పైడమ్మ. "కొయ్య ఎటు పోతుంది?"

"అరిచేవైపు," అన్నాడు రాజు.

"దాన్ని అంతలా అరిపించిందెవరు?"

కాగడా పట్టుకున్నవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

"మీరే మారాజా. మీ ముడిలో తప్పు లేదు. మీరు లాగిన లాగుడు తప్పు. కొయ్యకి అంత బలం అక్కర్లేదు."

"నాలుక కోయించండి ప్రభూ!" అని అరిచాడు మంత్రి.

రాజు మంత్రిని చూడలేదు. దాలయ్యని చూశాడు. "నీకు ఇది ముందే తెలుసా?"

దాలయ్య ముందుకొచ్చాడు. "తెలుసు మారాజా. నలభై రెండు పడవలు చేశాను. ఒక్క మాట చెప్పలేకపోయాను."

బలం చూసి చప్పట్లు కొట్టినవాళ్ళే రాజుకి తెలుసు. చాలని చెప్పినవాళ్ళని ఇంతవరకూ చూళ్ళేదు.

"సరే. కానీ నేను కట్టిన ముడి ఎవరూ విప్పకూడదు కదా?"

"ఇంకొకళ్ళు విప్పకూడదు. కట్టిన చెయ్యే విప్పకూడదని మా తాతలెవరూ చెప్పలేదు," అంది పైడమ్మ.

మకరభూపాలుడు ఉంగరాలు తీసి మంత్రి చేతిలో పోశాడు. ముడుల దగ్గర కూర్చున్నాడు. తడిసి ఆరిన ముడులు రాయిలా అయ్యాయి. మొదటి ముడికి గోరు విరిగింది. మూడోదానికి చెమటలు కారాయి.

"పళ్ళతో లాగండి," అంది పైడమ్మ.

రాజు పళ్ళతో లాగాడు. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఏడో ముడి ఊడేసరికి పొద్దు బారెడెక్కింది. మోకు వదులవగానే పడవ మొత్తం 'హుఁ' అని ఊపిరి వదిలినట్టు కదిలింది. ఒడ్డున ఉన్నవాళ్ళందరికీ ఆ శబ్దం వినపడింది.

పైడమ్మ నాలుగు బిందెల సముద్రపు నీళ్ళు తెప్పించి మోకుల మీద పోసింది.

"ఎందుకు?" అని అడిగాడు రాజు.

"నీళ్ళ మీద తిరిగేదాన్ని ఎండలో ఆరబెట్టి కడితే ఎలా? తడిసినప్పుడు ఎలా ఉంటాయో చూసి కట్టాలి."

మోకులు తడిసి ముడుచుకునేదాకా కూర్చుంది. తర్వాత కొయ్య కొసనించి సన్నతాడు దింపి పడవ కుడి అంచుకి కొలిచింది. అదే తాడు ఎడమ అంచుకి పట్టింది. జానెడు తేడా. దాలయ్యని ఎడమ మోకు దగ్గర, రాజుని కుడి మోకు దగ్గర నిలబెట్టింది.

"ఇద్దరూ లాగండి. మెల్లగా. ఇంకాస్త. చాలు. మారాజా, చాలంటున్నానా!"

మంత్రి కళ్ళు మూసుకున్నాడు. రాజు ఆగాడు. పుట్టి బుద్ధెరిగాక చాలంటే ఆగడం ఆయనకి అదే మొదలు.

తాడు రెండు పక్కలా సరిపోయింది. రెండు మోకుల్నీ మీటితే ఒకటే గొంతు పలికింది. రాజే కుడి మోకు కట్టాడు. ఈసారి ఒక్క ముడి.

ముగ్గురూ పడవ ఎక్కారు. దాలయ్య చుక్కాని పట్టాడు. గాలి కుడి పక్కనించి వస్తోంది. పడవ ఎడమకి తిరిగిపోవడం మానేసింది. కానీ ముక్కు మాత్రం మాటిమాటికీ గాలి వైపు తిప్పుతోంది. దాలయ్య చుక్కాని నొక్కి పట్టుకుంటున్నాడు.

"ఇంకా తేడా ఉందే," అన్నాడు.

"కొయ్య వెనక్కి వాలి ఉంది బావా. వెనక మోకు నాలుగు వేళ్ళు వదులుతా, ముక్కు మోకు నాలుగు వేళ్ళు లాగుతా."

నాలుగు వేళ్ళంటే ఎంత? పిల్లల అరచేతి వెడల్పు. ఆ కాస్త చేసేసరికి పడవ ముక్కు తిప్పడం ఆపేసింది.

రాజు ఎడమ మోకు చూశాడు. అది కాస్త వదులైంది. బిగిద్దామని చెయ్యి చాపాడు. పైడమ్మ ఆ చేతి మీద ఒక్కటిచ్చింది.

"గాలి అటునించి తోస్తోంది. ఇప్పుడు పనంతా కుడి మోకుది. దీన్ని ఊపిరి పీల్చుకోనీండి. వచ్చేటప్పుడు దీని వంతు."

రాజు చెయ్యి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"బావా, చుక్కాని వదిలెయ్యి," అంది పైడమ్మ.

దాలయ్య ఒడ్డు వైపు చూశాడు. ఎండుమట్టలు అక్కడే ఉన్నాయి. కాగడా ఇంకా వెలుగుతూనే ఉంది. పడవ మళ్ళీ తిరిగిపోతే బాడిస ఇవాళే నీళ్ళలోకి పోతుంది.

"వదలమంటుంటే!"

వేళ్ళు ఒక్కొక్కటే విప్పాడు. రెండు చేతులూ పైకెత్తాడు.

పడవని ఎవరూ పట్టుకోలేదు. ఎవరూ తోయలేదు. వెండిచేప తిన్నగా తాబేలు రాయి వైపే పోయింది.

రాజు ఊపిరి బిగబట్టి చూస్తున్నాడు. నీళ్ళు పడవ కింద సన్నగా, బియ్యం చెరిగినట్టు చప్పుడు చేస్తున్నాయి. తెరచాప కొట్టుకోవడం లేదు. కొయ్య కిర్రుమనడం లేదు. కుడి మోకు గాలికి సన్నగా పాడుతోంది. ఆ పాట మోకులోంచి కొయ్యలోకి, కొయ్యలోంచి పలకల్లోకి, పలకల్లోంచి రాజుగారి అరికాళ్ళలోకి వచ్చింది. ఎదురుగా సముద్రం, పైన ఆకాశం. ఇంత పెద్ద సముద్రం మీద, ఇంత పెద్ద గాలిలో, నాలుగు తాళ్ళు ఒక కర్రని పట్టుకున్నాయి. ఆ కర్ర గాలిని పట్టుకుంది. ఆ గాలి ముగ్గురు మనుషుల్ని మోసుకుపోతోంది.

మకరభూపాలుడు ఏనుగుల్ని లొంగదీసినవాడు. ఆయన చేతులు వాటంతటవే జోడించుకున్నాయి. ఎవరికి దణ్ణం పెడుతున్నాడో ఆయనకే తెలీదు. సముద్రానికో, గాలికో, పడవకో.

"ఎవరు నడుపుతున్నారు దీన్ని?" అని గొంతు తగ్గించి అడిగాడు.

దాలయ్య పైకెత్తిన చేతులు ఇంకా దించలేదు. అతని గడ్డం మీదనించి నీళ్ళు కారుతున్నాయి. అవి కెరటం నీళ్ళే అనుకుందాం.

"ఎవరూ నడపట్లేదు మారాజా," అంది పైడమ్మ. "ఎవరూ అడ్డం రావట్లేదు. అంతే."

తాబేలు రాయిని చుట్టారు. తిరుగు దారిలో గాలి ఎడమ పక్కకి మారింది. ఎడమ మోకు పాట అందుకుంది, కుడి మోకు ఊపిరి పీల్చుకుంది. పడవ ఒడ్డుకి వచ్చి, రొయ్యపొట్టుకి మూడు బారల దూరంలో, ఇసకని మెత్తగా తాకి ఆగింది.

ఒడ్డున ఒక్కరు కూడా చప్పట్లు కొట్టలేదు. నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. కాగడావాడు కాగడాని తనే నీళ్ళలో ముంచేశాడు.

రాజు దిగి, దాలయ్య దగ్గరికి వెళ్ళి, "బాడిస ఇవ్వు," అన్నాడు. దాలయ్య సముద్రం వైపు చూశాడు. ఇచ్చాడు. రాజు దాన్ని పట్టుకుని చూశాడు. పిడి ఆయన చేతిలో నిలవలేదు.

"ఇది నీ చేతికే ఉండాలి," అని తిరిగి ఇచ్చేశాడు. "నలభై మూడో పడవ మొదలుపెట్టు. కానీ ఈసారి నేనెక్కువ లాగితే చాలని చెప్పు. చెప్పకపోతేనే నీ మీద కోపం."

"నేను చెప్పలేకపోతే పైడి చెబుతుంది మారాజా."

"చెబుతాను," అంది పైడమ్మ. "పడవ సరే, మోకులు కొత్తవి. ఈ రోజు సాగుతాయి, రేపు మళ్ళీ బిగించాలి. పొద్దున్నే వస్తారా, కబురు పెట్టాలా?"

రాజు పొద్దున్నే వచ్చాడు.

అప్పటినించి గవ్వలపట్నంలో ఆచారం కాస్త మారింది. కొత్త పడవకి కుడి మోకు ఇప్పటికీ పెద్దే కడతాడు. కానీ మోకుల మీద నీళ్ళు పోసి, మీటి చూసి, గొంతులు కలవకపోతే ఆ పెద్దే కూర్చుని విప్పుతాడు. ఊరంతా చూస్తుండగానే విప్పుతాడు. అందులో సిగ్గేం లేదు.

కొయ్యని నిలబెట్టేది గట్టిగా లాగే ఒక్క చెయ్యి కాదు, చాలన్నచోట ఆగి నాలుగు పక్కలా సమానంగా పట్టుకునే చేతులు. తన తప్పు తెలిసినప్పుడు తను వేసిన ముడిని తన చేత్తోనే విప్పుకున్నవాడే అందరికంటే బలమైనవాడు.